బ్యాగ్‌పైప్ నేర్చుకోవాలంటే ముందు ఏది కొనాలి: ప్రాక్టీస్ చాంటరా, ఎలక్ట్రానిక్‌దా, స్మాల్‌పైప్సా, నేరుగా పెద్ద పైపులా?

సూటిగా చెప్పేస్తానండి. స్కాటిష్ బ్యాగ్‌పైప్ నేర్చుకుందామని ఉంటే ముందే బ్యాగ్‌పైప్ కొనకండి. మొదటి ఆర్నెల్లు, చాలామందికి ఏడాది దాకా, చేతిలో ఉండాల్సింది ప్రాక్టీస్ చాంటర్ ఒక్కటే. చాంటర్ అంటే వేళ్ళతో స్వరాలు పలికించే గొట్టం, చూడ్డానికి మన పిల్లనగ్రోవిలా ఉంటుంది, తిత్తి ఉండదు, డ్రోన్లు (ఆగకుండా ఒకే శ్రుతి పలికే గొట్టాలు) ఉండవు. మిగిలిన డబ్బు టీచర్‌కి పెట్టండి. నా సలహా ఇంతే, కింద రాసేదంతా ఎందుకలా అంటున్నానో, ఎవరి విషయంలో ఇది మారుతుందో చెప్పడానికి.

ఇది తెలిసేలోపు నాకు 120 పౌండ్లు పోయాయి. గ్లాస్గోకి ఉద్యోగం మీద వచ్చిన రెండో ఏడు ఆన్‌లైన్‌లో ఒక ఫుల్ సెట్ కనిపించింది, పైపులు, టార్టన్ గళ్ళ గుడ్డ కవరు, పెట్టె, రీడ్స్ (గాలికి అదిరి శబ్దం పుట్టించే నాలుకలు), పుస్తకం అన్నీ కలిపి ఆ రేటుకే ఇస్తున్నారు కదా అని కొనేశా. మూడు వారాలు ఊదా. దవడలు లాగేసేవి, ఒక్క స్వరం కూడా నిలబడేది కాదు. నాకే ఊపిరి చాలట్లేదేమో, ముప్పై ఆరేళ్ళ వయసులో ఇది నా వల్ల కాదేమో అని చాలా దిగులుపడ్డా. తర్వాత ఒక టీచర్ దగ్గరికి పట్టుకెళ్తే ఆయన ఒక్కసారి ఊది చూసి చెప్పేశాడు, తిత్తి కుట్ల దగ్గర గాలి పోతోంది, డ్రోన్ జాయింట్లు వదులు, చాంటర్ రంధ్రాలు ఉండాల్సిన చోట లేవు, రీడ్ ఎంత బిరుసుగా ఉందంటే తనకే కష్టం అని. అంటే నేను మూడు వారాలు కష్టపడింది వాయిద్యం కాని ఒక వస్తువుతో అన్నమాట. ఇలా మొదట్లోనే మానేసినవాళ్ళు ఎంతమందో అని ఇప్పటికీ బాధేస్తుంది.

అసలు కష్టం ఎక్కడుంది

ఏది కొనాలో తెలియాలంటే ముందు ఇది తెలియాలి. కష్టమంతా ఊదడంలోనే ఉందని అందరూ అనుకుంటారు. ఊదడం కష్టమే, కానీ అది తర్వాత వచ్చే కష్టం, మొదటిది వేళ్ళది. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ చాంటర్ మోగుతూనే ఉంటుంది, మధ్యలో ఆపడానికి లేదు, ఒకచోట గట్టిగా ఒకచోట మెల్లగా అనడానికీ లేదు. నేను చిన్నప్పుడు ఐదేళ్ళు వేణువు నేర్చుకున్నా, అక్కడ నాలుకతోనో ఊపిరితోనో స్వరాన్ని తుంచొచ్చు. ఇక్కడ నోటికీ రీడ్‌కీ మధ్య తిత్తి ఉంది కాబట్టి నాలుకతో పని జరగదు. మరి ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే ఎలా? మధ్యలో ఇంకో స్వరాన్ని రెప్పపాటులో తాకి వెనక్కి రావాలి, దాన్నే గ్రేస్ నోట్ అంటారు. అలాంటివి రెండు మూడు కలిస్తే డబ్లింగ్, ఇంకొన్ని కలిస్తే గ్రిప్, టార్లువా, చిటికెన వేలితో లో ఏ (Low A) స్వరం మీద చేసే బర్ల్, ఇలా పెద్ద వరసే ఉంది. ఇవి అలంకారం కోసం పెట్టినవి కావు, ఇవి లేకపోతే పాట విడివిడిగా వినపడదు. ఈ కదలికలన్నీ ఒక్కొక్కటీ వందలసార్లు నెమ్మదిగా చేసి వేళ్ళకి ఎక్కించాలి, అదంతా తిత్తి మోస్తూ, చంకతో నొక్కుతూ, ఊదుతూ చెయ్యడం కొత్తవాళ్ళకి సాధ్యపడదు. అందుకే అందరినీ ముందు ప్రాక్టీస్ చాంటర్ మీద కూర్చోబెడతారు.

వేణువు, సన్నాయి వచ్చినవాళ్ళకి ఒక మాట. పట్టుకునే తీరే వేరు, ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద, ముఖ్యంగా కింది చేతి వేళ్ళు బాగా చాచి కొసలతో కాకుండా మధ్య కణుపుల దగ్గరి కండతో రంధ్రాలు మూస్తారు, చిటికెన వేలు ఒక్కటే కొసతో. నాకు వేలికొసలతో మూసే అలవాటు వదలడానికి మూడు నెలలు పట్టింది. ఇంకోటి, స్వరం నుంచి స్వరానికి జారే అలవాటు, మన గమకం, అది వెంటనే పక్కన పెట్టెయ్యమన్నారు. వేళ్ళన్నీ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే పడాలి, లేకపోతే మధ్యలో అక్కర్లేని స్వరం ఒకటి చిట్లినట్టు వినపడుతుంది, దాన్ని క్రాసింగ్ నాయిస్ అంటారు, డ్రోన్ల పక్కన అది ఇంకా పెద్దగా తెలుస్తుంది.

కానీ మనకి దక్కే లాభం కూడా ఒకటుంది, ఇది చెప్పకుండా ఉండలేను. చాంటర్‌కి ఉన్నవి తొమ్మిదే స్వరాలు, లో జి నుంచి హై ఏ దాకా. లో ఏ ని షడ్జమం అనుకుని వాయిస్తే సరిగ్గా మన హరికాంభోజి మెట్లు, కింద మంద్ర కైశికి నిషాదం ఒకటి అదనం. చాలా పాటల్లో మధ్యమం, నిషాదం తగలవు కూడా, అప్పుడు మోహనం వింటున్నట్టే ఉంటుంది. వెనకాల మూడు డ్రోన్లు, రెండు టెనార్లు లో ఏ కి ఒక స్థాయి కింద, బాస్ ఇంకో స్థాయి కింద, ఆగకుండా షడ్జమం పట్టుకుని ఉంటాయి. తంబురానో శ్రుతి పెట్టెనో పెట్టుకుని పాడిన చెవికి చాంటర్‌లో ఏ స్వరం శ్రుతి తప్పిందో ఇట్టే తెలిసిపోతుంది, నా క్లాసులో మిగతావాళ్ళు ట్యూనింగ్ వినడం నేర్చుకోవడానికి చాలా టైం తీసుకున్నారు. అసలు మన దగ్గరే వీధి నాటకాలవాళ్ళు శ్రుతి కోసం మేకతోలుతో చేసిన తిత్తి ఊదేవాళ్ళు, కాబట్టి ఈ వాయిద్యం మనకి పూర్తిగా పరాయిదేమీ కాదు.

ప్రాక్టీస్ చాంటర్: ప్లాస్టిక్‌దా, చెక్కదా, పొడుగుదా

చెక్కది చూడ్డానికి బాగుంటుంది, పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, కానీ మొదటిది ప్లాస్టిక్‌దే తీసుకోండి. ఎండకి వానకి మారదు, కడుక్కోవచ్చు, కింద పడినా భయం లేదు, పేరున్న తయారీదారుదైతే శ్రుతి కూడా చెక్కదానికి తీసిపోదు. కిల్మార్నాక్‌లో మెకల్లమ్ వాళ్ళు, గ్లాస్గోలో ఆర్.జి. హార్డీ వాళ్ళు, కెనడాలో వాల్ష్ వాళ్ళు చేసేవి ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి, యాభై అరవై పౌండ్ల నుంచి మంచివి దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో పదిహేను ఇరవై పౌండ్లకి వచ్చే ఎర్రచెక్కవాటి జోలికి వెళ్ళకండి, రంధ్రాలు అటూ ఇటూ ఉంటాయి, మీ చెవి మొదటి రోజు నుంచే తప్పు శ్రుతికి అలవాటు పడిపోతుంది, అది తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం.

సైజుల్లో మామూలుది, పొడుగుది, పిల్లలది అని ఉంటాయి. పెద్దవాళ్ళైతే పొడుగుదే తీసుకోండి, దాని రంధ్రాల మధ్య దూరం అసలు పైపు చాంటర్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి రేపు పైపులకి మారినప్పుడు వేళ్ళు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. కింది చివర బల్ల మీదో మోకాలి మీదో ఆనించి కూర్చుని వాయిస్తారు. రంధ్రాల చుట్టూ కాస్త గుంటగా చెక్కినవి దొరికితే మరీ మంచిది, మూశామో లేదో వేలికే తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లలకి మాత్రం పిల్లల సైజే, చెయ్యి సాగదీసి పట్టుకుంటే మణికట్టు బిగుసుకుపోతుంది, ఆ బిగుతు ఒకసారి అలవాటైతే వదలదు.

లోపల గొట్టం పైనుంచి కిందదాకా ఒకే వెడల్పు కాబట్టి శబ్దం అసలు పైపు కన్నా ఒక స్థాయి కిందకి, చిన్నగా వస్తుంది. ఫ్లాట్‌లో తలుపు వేసుకుంటే పక్కింటివాళ్ళకి ఇబ్బంది ఉండదు. ప్లాస్టిక్ రీడ్ ఒకటి అదనంగా తెచ్చిపెట్టుకోండి, చిన్న వస్తువే గానీ అది చితికితే ఆ వారమంతా ప్రాక్టీస్ పోతుంది.

ఎలక్ట్రానిక్ చాంటర్

ఇది ఊదేది కాదు, వేళ్ళు తాకితే పలికే సెన్సర్లుంటాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంట్లోవాళ్ళకి కూడా వినపడదు. స్వీడన్‌లో ఫాగర్‌స్ట్రోమ్ వాళ్ళ టెక్నోచాంటర్, జర్మనీ నుంచి డీగర్ పైప్స్, రెడ్‌పైప్స్, ఇలా ఉన్నాయి. డ్రోన్ శబ్దం కూడా అందులోనే వస్తుంది, శ్రుతి మార్చుకోవచ్చు. రాత్రి పదకొండింటికి పిల్లలు పడుకున్నాక ప్రాక్టీస్ చెయ్యాల్సిన వాళ్ళకి, ప్రయాణాల్లో ఉండేవాళ్ళకి ఇది నిజంగా వరం, నేను ఇప్పటికీ వాడతా.

కానీ మొదటి వాయిద్యంగా దీన్ని కొనమని చెప్పను. కారణం ఒక్కటే, రంధ్రం సగం మూసినా దీనికి తెలీదు. వేలు తాకితే చాలు స్వరం స్పష్టంగా పలుకుతుంది. అసలు చాంటర్ మీద గాలి వెంట్రుకంత సందు దొరికినా కీచుమంటుంది, ఆ కీచు మన గురువు, అది లేకుండా నేర్చుకున్న వేళ్ళు పైపుల మీదకి వెళ్ళాక మళ్ళీ మొదటికి రావాలి. నాతో పాటు చేరిన ఒకతను ఎలక్ట్రానిక్ దాని మీదే ఎనిమిది నెలలు చేసి చాలా వేగంగా వాయించేవాడు, ప్రాక్టీస్ చాంటర్ ఇస్తే కింది చేతి స్వరాలు ఒక్కటీ రాలేదు పాపం. రెండోదిగా కొనుక్కోండి. చేతికి చచ్చుబడే జబ్బు ఉన్నవాళ్ళు, ఊపిరితిత్తుల సమస్య ఉండి ఊదకూడదని డాక్టర్ చెప్పినవాళ్ళు మాత్రం దీన్నే అసలు వాయిద్యంగా పెట్టుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు, సంగీతం సంగీతమే.

స్మాల్‌పైప్స్, దీని గురించి ఎక్కువమందికి తెలీదు

నన్నడిగితే అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళు సీరియస్‌గా ఆలోచించాల్సింది స్కాటిష్ స్మాల్‌పైప్స్ గురించి. వేళ్ళ పద్ధతి పెద్ద పైపుల్లాంటిదే, డ్రోన్లు ఉంటాయి, కానీ శబ్దం గదిలో కూర్చుని వినేంత మెత్తగా ఉంటుంది, ఫిడేలు పక్కన, గిటార్ పక్కన ఇమిడిపోతుంది. చాలావరకు నోటితో ఊదక్కర్లేదు, మోచేతి కింద కట్టుకునే చిన్న కొలిమితిత్తితో గాలి కొడతారు, అంటే వాయిస్తూ పాడుకోవచ్చు కూడా. లోపలికి నోటి తడి పోదు కాబట్టి రీడ్స్ ఎక్కువకాలం మన్నుతాయి.

ఇంకో పెద్ద తేడా శ్రుతి. పెద్ద పైపుల్లో కాగితం మీద ఏ (A) అని రాస్తారు గానీ ఇప్పుడు వాయించేవాటిలో అది 470, 480 హెర్ట్జ్ మధ్య మోగుతుంది, అంటే బి ఫ్లాట్ కన్నా కొంచెం పైన, దేనితోనూ కలవదు, ఇంట్లో హార్మోనియంతోనో కీబోర్డ్‌తోనో కలిపి వాయిద్దామంటే కుదరదు. స్మాల్‌పైప్స్ ఏ, బి ఫ్లాట్, సి, డి శ్రుతుల్లో దొరుకుతాయి, ఏ (A) శ్రుతిది తీసుకుంటే మిగతా వాయిద్యాలతో హాయిగా కలుస్తుంది. కచేరీ అలవాటున్న మన ఇళ్ళకి ఇది బాగా నప్పుతుంది.

అయితే రేటు ఎక్కువ, మంచివి చేత్తో చేసేవాళ్ళ దగ్గర ఆర్డర్ ఇచ్చి నెలల తరబడి ఎదురుచూడాలి. పైగా స్మాల్‌పైప్స్ వాయిస్తే పైప్ బ్యాండ్‌లోకి తీసుకోరు, ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో జరిగే వరల్డ్ పైప్ బ్యాండ్ చాంపియన్‌షిప్స్ చూసి ఆ వరసలో నిలబడాలని కల కనేవాళ్ళకి ఇది దారి కాదు. ఏదైనా సరే మొదలు మాత్రం ప్రాక్టీస్ చాంటర్ మీదనే.

పెద్ద పైపులకి ఎప్పుడు వెళ్ళాలి, ఏవి కొనాలి

ఐదారు పాటలు పుస్తకం చూడకుండా, గ్రేస్ నోట్స్ అన్నీ సరిగ్గా, ఆగకుండా వాయించగలిగినప్పుడు. ఆ మాట మీ టీచర్ చెప్పాలి, మనకి మనం అనుకుంటే తొందరపడతాం. వెళ్ళాక కూడా నేరుగా మూడు డ్రోన్లూ తెరవకండి. మధ్యలో గూస్ అని ఒకటుంది, తిత్తికి చాంటర్ మాత్రం బిగించి డ్రోన్లు లేకుండా వాయించేది, ఊదడం, చంకతో నొక్కడం, ఆ రెండిటి మధ్య గాలి ఒత్తిడి మారకుండా చూసుకోవడం దీనితో అలవాటవుతుంది. ఉన్న పైపుల్లోనే డ్రోన్లకి బిరడాలు పెట్టేసి కూడా ఇదే పని చెయ్యొచ్చు, అలాగైతే వేరే ఖర్చు లేదు. తర్వాత ఒక టెనార్, ఆ తర్వాత రెండోది, చివర్న బాస్. చాంటర్ రీడ్ ఈజీ అని అడిగి మరీ తీసుకోండి, బిరుసు రీడ్ ఊదితే గొప్ప అనుకునే మాట పాతది, దానివల్ల పెదాలు అలిసిపోయి పది నిమిషాల్లో ఆపెయ్యడం తప్ప లాభం లేదు.

కొనేటప్పుడు, కొత్తవి ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌వి వెయ్యి పౌండ్లకి అటూ ఇటూగా మొదలై పైన వెండి పనిని బట్టి ఎంతైనా పోతాయి. అదే తయారీదారులు ప్లాస్టిక్‌వి కూడా చేస్తారు, తక్కువలో వస్తాయి, శబ్దం నిజంగా బాగుంటుంది. ఇండియా తీసుకెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ప్లాస్టిక్‌వే తీసుకోండి, హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో ఏసీ గదిలోంచి బయటికి, బయట్నుంచి లోపలికి తిప్పితే చెక్క బీటలిచ్చే ప్రమాదం ఉంది. సెకండ్ హ్యాండ్‌లో చాలా మంచి పాత సెట్లు దొరుకుతాయి, కానీ తెలిసినవాళ్ళకి చూపించకుండా కొనొద్దు, పాతవాటిలో ఏనుగు దంతం కట్లు ఉంటే బ్రిటన్‌లో అమ్మడానికి కూడా రిజిస్ట్రేషన్ కావాలి, దేశాలు దాటించడం ఇంకా తలనొప్పి.

ఉపఖండంలో తయారయ్యేవి ముఖ్యంగా రెండు చోట్ల, పాకిస్తాన్‌లో సియాల్‌కోట్, మన మీరట్. మిలిటరీ బ్యాండ్ల అవసరం వల్ల అక్కడ ఈ పని ఎప్పట్నుంచో ఉంది, జనవరి 29న విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ చూస్తే మన సైన్యంలో పైపులు ఎంత బాగా వాయిస్తారో తెలుస్తుంది. అక్కడి పనివాళ్ళ చేతిలో నైపుణ్యం లేదని నేను అనను. ఇబ్బంది ఆన్‌లైన్‌లో అలంకారం సామాను కింద అమ్మేవాటితో, వాటికీ వాయించడానికి చేసేవాటికీ ఫొటోలో తేడా తెలీదు. అందుకని చేతిలోకి తీసుకుని, వాయించేవాళ్ళతో ఊదించి చూడకుండా అక్కడివి తీసుకోకండి.

తిత్తి సంగతి త్వరగా చెప్పేస్తా. తోలుది, గొర్రెదో మేకదో, తేమ బాగా పీల్చుకుంటుంది, పట్టు బాగుంటుంది, కానీ లోపల సీజనింగ్ (గాలి కారకుండా తోలుకి పట్టించే మందు) పోసి కాపాడుకుంటూ ఉండాలి, రోజూ వాయించకపోతే ఎండిపోయి గాలి కారుతుంది. సింథటిక్‌ది జిప్ తీసి లోపల తుడుచుకోవచ్చు, వారం వదిలేసినా ఏం కాదు. కొత్తవాళ్ళకి సింథటిక్కే, నీళ్ళు పట్టే ట్రాప్‌తో సహా. ఏది కొన్నా శుభ్రం మాత్రం తప్పదు, 2016లో థొరాక్స్ అనే మెడికల్ జర్నల్‌లో ఒక కేసు వచ్చింది, రోజూ పైపులు వాయించే 61 ఏళ్ళాయన లోపల పట్టిన బూజు పీల్చి పీల్చి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, పైపులు ఇంట్లో వదిలేసి మూడు నెలలు ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు ఆయన ఆరోగ్యం బాగుపడిందట. ప్రాక్టీస్ చాంటర్ అయినా సరే వాయించాక విడదీసి ఆరబెట్టండి. పెద్ద పైపులు 100 డెసిబెల్స్ దాటి మోగుతాయి, ఇయర్ ప్లగ్స్ మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

టీచర్, అసలు ఎంపిక ఇదే

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్ళకి నా మొదటి సలహా మీ ఊళ్ళో పైప్ బ్యాండ్ కనుక్కోమని. దాదాపు ప్రతి టౌన్‌కీ ఒకటుంటుంది, కింది గ్రేడ్ల బ్యాండ్లు చాలావరకు కొత్తవాళ్ళకి ఉచితంగానో, నామమాత్రపు ఫీజుకో నేర్పిస్తాయి, నిలబడ్డారని నమ్మకం కలిగితే పైపులు, కిల్టు కూడా అరువిస్తాయి. అంటే వెయ్యి పౌండ్ల ఖర్చు ఏళ్ళ తరబడి వాయిదా వెయ్యొచ్చు. మేం పరాయివాళ్ళం కదా రానిస్తారా అని మనవాళ్ళు మొహమాటపడతారు, అస్సలు అక్కర్లేదు, నేను వెళ్ళిన మొదటి రోజే ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని వేళ్ళు సరిచేశాడు, ఆ ఆదరణ నేను మర్చిపోలేను. ఇబ్బంది ఏంటంటే బ్యాండ్‌లో పదిమంది కలిసి నేర్చుకుంటారు కాబట్టి మీ తప్పుల మీద ఎక్కువసేపు ఆగరు, వాళ్ళకి కావలసిన పాటలే నేర్పుతారు.

విడిగా టీచర్ దగ్గర అయితే అరగంటా మీదే. గ్లాస్గోలో 1996లో తెరిచిన నేషనల్ పైపింగ్ సెంటర్ ఉంది, 1944లో పెట్టిన కాలేజ్ ఆఫ్ పైపింగ్ 2018లో అందులోనే కలిసింది, అక్కడ క్లాసులు, ఆన్‌లైన్ పాఠాలు, మ్యూజియం అన్నీ ఉన్నాయి. పీబ్రోఖ్ అనే పెద్ద సంగీతం, ఒక మూల స్వరరచన తీసుకుని దాన్ని విస్తరిస్తూ పోయేది, అది నేర్చుకోవాలని ఉంటే విడిగా టీచర్ తప్పనిసరి. దాన్ని పూర్వం కాంటరాక్ అనే అక్షరాల పద్ధతిలో నోటితో పాడి నేర్పేవాళ్ళు, మన జతులు చెప్పినట్టు, విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ పాఠాలే ఆధారం. టైం చూసుకోండి, గ్లాస్గోలో సాయంత్రం ఆరంటే మనకి వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర, కాబట్టి వాళ్ళ ఉదయం స్లాట్లు అడగండి. కెమెరా మొహం మీద కాదు, వేళ్ళ మీద పెట్టండి. వారం వారం కుదరకపోతే నెలకి రెండు చాలు, అసలు లేకుండా వీడియోలు చూసి సొంతంగా నేర్చుకోవడం మాత్రం వద్దు, వేలు ఎత్తు ఎక్కువైందా, గ్రిప్ నలిగిపోయిందా అనేది చేసేవాళ్ళకి తెలీదు, ఆర్నెల్లు అలాగే చేస్తే దాన్ని తియ్యడానికి ఏడాది. మీ దగ్గర్లో ఆర్మీ బ్యాండ్‌లో వాయించి రిటైరైన పైపర్ ఎవరైనా ఉంటే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళండి, ఏ ఆన్‌లైన్ పాఠం కన్నా అదే మేలు.

చాంటర్ ఇంటికి వచ్చిన రోజు పాట మొదలుపెట్టకండి. లో జి నుంచి హై ఏ దాకా, మళ్ళీ కిందకి, మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఒక్కో స్వరం నాలుగు లెక్కలు, పదిహేను నిమిషాలు. డి (D) నుంచి ఈ (E) కి వెళ్ళేచోట ఆగి వినండి, చిట్లిన శబ్దం అక్కడే వస్తుంది.